అన్నయ్య కోసం పొగపెట్టె

రెడ్డిగూడెం,
14 జూలై 2024.

అన్నయ్యకు,

కాగితం ముందు పెట్టుకోగానే చెయ్యి అలవాటు కొద్దీ ‘ఉభయకుశలోపరి’ అని రాయబోయింది. ఆపేశాను. మీరు కుశలంగా లేరన్నది మనిద్దరికీ తెలిసిన సంగతే. మీరలా ఉంటే నేనెలా ఉంటానో మీకు తెలుసు.

ఈ రోజుల్లో ఉత్తరమేంటని నవ్వుకుంటారేమో. మొన్న ఫోన్ చేసినప్పుడు పుష్పవతి వదిన స్పీకర్ ఆన్ చేసి మీ పక్కన పెట్టింది. నేను మాట్లాడుతూనే ఉన్నాను, అటునుంచి మీరు వేలితో ఫోను మీద కొడుతున్నారు. ఒకసారి కొడితే అవునని, రెండుసార్లు కొడితే కాదని వదిన చెప్పింది. ఒకే ఇంటి అల్లుళ్లమయిన నాటి నుంచి మీ నోటికి జడిసి బతికినవాణ్ణి. ఏ మాటన్నా ఎదురు చెప్పే మనిషి అలా టక్కుమని ఒప్పేసుకుంటుంటే తట్టుకోలేక, సిగ్నల్ పోయిందని అబద్ధమాడి పెట్టేశాను. వాట్సాప్‌లో రాద్దామంటే ఆ చిన్న అక్షరాలు మీ వేళ్లకు దొరకవు. పైగా ఆ ఫోను మీ అమ్మాయి ఉదయశ్రీ చేతిలో ఉంటుంది. తోడల్లుళ్ల మాటలు పిల్లలు ముందు చదవడమేంటి?

అసలు విషయం. గొంతు ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి మీకు ఏం పెట్టినా మట్టిలా ఉందంటున్నారట. డాక్టర్లు కారం వద్దన్నారు, మసాలా వద్దన్నారు, నూనె తగ్గించమన్నారు. రేడియేషన్ మొదలైతే మింగడం ఇంకా కష్టమట. బరువు ఇలాగే తగ్గితే పొట్టకి చిల్లు పెట్టి గొట్టం వేస్తామని డాక్టరమ్మ చెప్పిందని వదిన మా రేవతి దగ్గర ఏడ్చింది. మటన్ కూరలో మూలగ ఎముక కోసం మావగారితో పోట్లాడిన మీకు గొట్టమా? ఆ మాట విన్నాక నాకూ అన్నం సయించడం లేదు.

అందుకని ఒకటి ఆలోచించాను. యూట్యూబులో ఒక తెల్లాయన పెట్టెలో మాంసం పెట్టి, సన్నని సెగ మీద, చెక్క పొగలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఉంచాడు. కారం లేదు, నూనె లేదు, ఉప్పు ఒక్కటే. బయటకు తీసి చేత్తో పట్టుకుంటే ఎముక ఊడొచ్చింది. పళ్లు లేని ముసలాడు కూడా మింగొచ్చు. రుచంతా పొగదేనట. తోటలో నరికిన మామిడి కొమ్మలు నా దగ్గర బండ్లకొద్దీ ఉన్నాయి.

సెగ నిలవాలంటే పెట్టెకి ఇన్సులేషన్ కావాలట. చల్లదనం బయటకు పోకుండా కోల్డ్ స్టోరేజీని అన్నేళ్లు కాపాడిన మీకంటే ఇంకెవరికి తెలుస్తుంది? ఎలా కట్టాలో గీసి పంపండి. ఈలోపు నేను ఆగలేను కాబట్టి ఏదో ఒకటి మొదలుపెడతాను.

మీ తమ్ముడు,
వీరభద్రరావు


హైదరాబాద్,
23 జూలై 2024.

వీరభద్రానికి,

నీ ఉత్తరం వచ్చింది. కవరు విప్పగానే పచ్చడి నూనె వాసన కొడుతోందని పుష్ప అంది. మా మరదలు రేవతి ఆవకాయ కలుపుతుంటే పక్కన కూర్చుని రాశావు కాబోలు.

పొమ్మనలేక పొగబెట్టినట్టు, నన్ను ఇలా సాగనంపుదామని చూస్తున్నావా? ఉదయశ్రీని చదివి వినిపించమంటే నవ్వింది. ఆ పిల్ల నవ్వి చాలా రోజులైంది.

ఇక్కడ నా సంగతి చెప్తాను. మెడ కింద రంధ్రం పెట్టారు, ఊపిరి అందులోంచే. దానికి తడిగుడ్డ కట్టుకుంటాను. మనవరాలు ప్రవల్లిక తన పలక నాకిచ్చింది. దాని మీద రాసి చూపిస్తే పుష్ప చదివి తుడిచేస్తుంది, మళ్లీ చోటు ఉండాలి కదా. జీవితమంతా నా మాటే నెగ్గాలన్నవాణ్ణి, ఇప్పుడు నా మాట అరగంట కూడా నిలవడం లేదు. పలక మీద రోజూ రాసేవి మూడే. నీళ్లు, దిండు, నొప్పి.

ఇక నీ పెట్టె. చలిని ఆపడమైనా వేడిని ఆపడమైనా ఒకటే విద్య. రెండు గోడలు కావాలి, మధ్యలో ఏదో ఒకటి కూరాలి, అది గాలిని కదలనివ్వకూడదు. పొయ్యి పెట్టెలో ఉండకూడదు, పక్కన విడిగా ఉండి గొట్టంలోంచి పొగా సెగా లోపలికి రావాలి. నీ సంగతి తెలుసు కాబట్టి ముందే చెప్తున్నాను, పాత ఫ్రిజ్ జోలికి పోకు. చూడటానికి సిద్ధంగా ఉన్న పెట్టెలాగే ఉంటుంది. కానీ దాని లోపలి ప్లాస్టిక్, గోడలోని నురగ చలికి చేసినవి. వేడి తగిలితే కరిగి విషం కక్కుతాయి.

వెనక కాగితం మీద బొమ్మ గీశాను. మంచం మీద గీసేసరికి గీతలు వంకరపోయాయి, నువ్వు తిన్నగా కట్టు.

లక్ష్మీనరసింహారావు


రెడ్డిగూడెం,
24 జూలై 2024.

అన్నయ్యకు,

మీ జవాబు ఇంకా రాలేదు గానీ శుభవార్త దాచుకోలేక రాస్తున్నాను. పెట్టె దొరికింది. మా పెరట్లో పాడైపోయిన పాత ఫ్రిజ్ ఉంది కదా, దానికి తలుపుంది, అరలున్నాయి, గోడల్లో ఇన్సులేషన్ కంపెనీవాడే పెట్టి ఇచ్చాడు. ఇంత తేలికని తెలిస్తే మిమ్మల్ని బొమ్మ గీయమని శ్రమపెట్టేవాణ్ణి కాదు. నూజివీడులో వెల్డింగ్ షాపు సలోమోను చేత కింద చిల్లు పెట్టించి గొట్టం అతికించాను. రేపు వెలిగిస్తాను.

మీ వీరభద్రం


రెడ్డిగూడెం,
31 జూలై 2024.

అన్నయ్యకు,

మీ ఉత్తరం నిన్న వచ్చింది. ఫ్రిజ్ అంతకు ముందే కరిగింది.

ముందు లోపలి గోడలు చెమట పట్టినట్టు మెరిశాయి. తర్వాత అరలు వంగాయి. ఆ తర్వాత మాంసం మీదికి తెల్లగా ఏదో సాగుతూ జారింది. కంపు రోడ్డు దాకా కొట్టింది. పక్క తోట బసవమ్మ గారు వచ్చి, “ఏంటి బాబూ, టైర్లు తగలబెడుతున్నారా? మా కోళ్లు దగ్గుతున్నాయి” అన్నారు. కోళ్లు దగ్గుతాయని నాకు ఆరోజే తెలిసింది.

రేవతి వెళ్లి తలస్నానం చేసి వచ్చింది. సాయంత్రం అడిగింది, “పొగ తాగీ తాగీ ఆయన గొంతు పోయింది కదండీ. మళ్లీ పొగబెట్టిందే పంపుతారా ఆయనకి?” సిగరెట్ పొగ వేరు, మామిడి పొగ వేరు అని ఏదో గొణిగాను. మీరైతే ఏం చెప్పేవారో రాయండి, మీ మాటగా చెప్తాను.

బరువు ఎంత ఉందో వదిన చెప్పడం లేదు. అడిగితే, “అలాగే ఉన్నారు” అంటోంది. వదిన అలాగే అందంటే తగ్గినట్టే.

వీరభద్రరావు


హైదరాబాద్,
11 ఆగస్టు 2024.

వీరభద్రానికి,

కోళ్ల దగ్గు దగ్గర ఆగి మళ్లీ చదివించుకున్నాను. నవ్వితే నాకిప్పుడు శబ్దం రాదు, మెడ దగ్గర గుడ్డ కొట్టుకుంటుంది. ప్రవల్లిక దాన్ని చూసి తాతయ్య నవ్వుతున్నాడని అందరికీ చెప్పింది.

మరదలికి నా మాటగా ఏమీ చెప్పకు. ఆవిడ అన్నదాంట్లో తప్పు లేదు.

ఇప్పుడు శ్రద్ధగా చదువు. రెండు ఇనప డ్రమ్ములు కావాలి, ఒకటి పెద్దది, ఒకటి దానిలో పట్టేది. అవి అంతకుముందు దేనికి వాడారో కనుక్కో. పురుగుమందు డ్రమ్మయితే నా పని పొగ అక్కర్లేకుండానే అయిపోతుంది. తెల్లగా మెరిసే జింకు పూత రేకు లోపల వాడొద్దు. రెంటి మధ్య సందులో ఊకబూడిద నింపు. బాపులపాడులో ఏ రైస్ మిల్లు బాయిలర్ దగ్గరికెళ్లినా గుట్టలు పోసి ఉంటుంది, తీసుకెళ్లినవాడికి దండం పెడతారు. ఎండబెట్టి, జల్లించి, నింపి, డ్రమ్మును కర్రతో తట్టు. తట్టిన కొద్దీ దిగుతుంది, దిగిన కొద్దీ నింపు. తడి బూడిద మాత్రం వేడిని తాగేస్తుంది. తలుపు అంచుకు బాయిలర్ తలుపులకు వాడే, వేడికి కాలని తాడు వేయించు. లోపల ఒక పళ్లెంలో నీళ్లు ఉంచు, లేకపోతే మాంసం ఎండిపోతుంది.

రేడియేషన్ నడుస్తోంది. గొంతు లోపల పచ్చిపుండు. ఇవాళ సగ్గుబియ్యం జావ తాగాను. ఎంత తాగానో అడక్కు.

ఈ ఉత్తరం రాయడానికి పొద్దున్నే లేచి కూర్చున్నానని పుష్ప ఆశ్చర్యపోతోంది. పలక వెనక వైపు డ్రమ్ము బొమ్మ గీసి ఉంచాను, దాన్ని మటుకు తుడవొద్దని చెప్పాను.

లక్ష్మీనరసింహారావు


రెడ్డిగూడెం,
15 సెప్టెంబరు 2024.

అన్నయ్యకు,

ఆలస్యానికి మీరే కారణం. బూడిద ఆరబెట్టమన్నారు, ఇక్కడ ముసురు పట్టి వాన తెరిపివ్వలేదు. చివరికి కాయలు పోసే షెడ్డులో ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాను. ఇల్లంతా బూడిద, నేనూ బూడిదే. రేవతి నన్ను చూసి, “శివరాత్రికి ఇంకా టైముంది” అంది.

డ్రమ్ములు కిరసనాయిలువి, కాల్చి కడిగించాను. సలోమోను అతుకులు బాగా వేశాడు. బయటి డ్రమ్ము మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు, లోపల మాత్రం మంచి సెగ. మీ విద్య గొప్పదని మీకే చెప్తే ఏం బాగుంటుంది, అయినా చెప్తున్నాను.

కానీ మాంసం పాడైంది. తారు రాసినట్టు నల్లగా అయ్యింది, నాలుక మీద పెట్టుకుంటే వేపాకు. తోటలో కుక్కకి వేస్తే వాసన చూసి, నా మొహం చూసి వెళ్లిపోయింది. నేను తప్పేమీ చేయలేదు. కాయ మాగేయడం నాకు కొత్త కాదు కదా. మా నాన్న రోజుల్లో మాగేసే గదికి పొగ వేస్తే, ఈగ దూరే సందు కూడా లేకుండా మట్టీ పేడా కలిపి మెత్తేవాళ్లం. పొగ లోపల నిలిస్తేనే కాయ రంగు తిరుగుతుంది. ఇక్కడా అలాగే చేశాను. మీ బొమ్మలో పైన ఒక గొట్టం ఉంది, దానికి రేకు మూత గీశారు. ఆ మూత బిగించి చుట్టూ మట్టి మెత్తాను. అంత కష్టపడి చేసిన పొగని బయటకు ఎందుకు వదలాలి?

ఇంకో సంగతి. రసం కొమ్మ, బంగినపల్లి కొమ్మ, కలెక్టర్ కాయ కొమ్మ విడివిడిగా వెలిగించి చూశాను. రసం పొగ తియ్యగా ఉంది. కలెక్టర్ కొంచెం ఘాటు. మీకు ఏ పొగ పెట్టమంటారు? మీరు తినాల్సింది, మీరే చెప్పాలి.

రేడియేషన్ అయిపోయిందని విన్నాను. ఇక మింగుడు పడుతుంది, దేవుడున్నాడు.

వీరభద్రం


హైదరాబాద్,
24 సెప్టెంబరు 2024.

వీరభద్రానికి,

నువ్వు మాంసాన్ని మాగేశావు.

పొగ నిలవకూడదు, నడవాలి. కింద నుంచి రావాలి, మాంసాన్ని తాకాలి, పైనుంచి వెళ్లిపోవాలి. నిలిచిన పొగ చల్లారి మసిలాగా దేన్ని పట్టుకుంటే దాన్ని చేదు చేస్తుంది. పైగొట్టం ఎప్పుడూ తెరిచి ఉంచు. సెగ తగ్గించాలంటే పొయ్యి దగ్గర గాలి తగ్గించు, పైన మూయకు. బయటకు వచ్చే పొగ తెల్లగా దట్టంగా ఉంటే ఇంకా మంచి మంట లేదని అర్థం. కనపడీ కనపడనట్టు సన్నగా రావాలి. కొమ్మ బాగా ఎండాలి. లోపలికి వెళ్లినది బయటకు వెళ్లే దారి ఉండాలి, ఎక్కడైనా అంతే. నాకు వేరే దారి పెట్టింది అందుకే.

ఏ కొమ్మ అని అడిగావు. ఏదైనా ఒకటే.

లక్ష్మీనరసింహారావు


రెడ్డిగూడెం,
6 అక్టోబరు 2024.

అన్నయ్యకు,

‘ఏదైనా ఒకటే’ అంటారేంటి? ఆ ఒక్క ముక్క నాకు కోపం తెప్పించింది, దాచుకోను. రసానికీ కలెక్టర్‌కీ తేడా తెలియని మనిషి అనాల్సిన మాట అది. కళ్లకు గంతలు కట్టినా ముచ్చిక వాసన చూసి ఏ తోట కాయో చెప్పిన మీరు అంటే ఎలా? మనసు వదిలేస్తే మందు పనిచేయదు. వదిన కోసమైనా కాస్త ఆశ పెట్టుకోండి. చిన్నవాణ్ణి, ఎక్కువ మాట్లాడితే క్షమించండి. క్షమించకపోయినా ఫర్వాలేదు.

మీరు చెప్పినట్టు పొగని నడిపించాను. పొద్దున్న పెట్టిన పొట్టేలు జబ్బ చీకటి పడేవేళకి తీశాను. అన్నయ్యా, ఎముక పట్టుకుని లాగితే తెల్లగా ఊడొచ్చింది. రేవతి ముందు వద్దంది, తర్వాత చిన్న ముక్క నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తీసుకుంది. బసవమ్మ గారు గోడ అవతల నుంచి, “ఇవాళ మంచి వాసన వస్తోంది బాబూ” అన్నారు.

దసరా వెళ్లగానే నేనూ రేవతీ బస్సెక్కుతాం. మాంసం పట్టుకొస్తాను. నాలుగు రసం చెక్కలు కూడా తెస్తాను, మీ బాల్కనీలో మూకుట్లో వెలిగిస్తే తినే ముందు పొగ తాజాగా తగులుతుంది. అప్పుడు చెప్పండి ఏదైనా ఒకటేనని.

కోపంతోనే, మీ
వీరభద్రం


రెడ్డిగూడెం,
20 అక్టోబరు 2024.

అన్నయ్యకు,

ఇల్లు చేరాం. ఇది రాయడం కూడా ఎలా మొదలుపెట్టాలో తెలియలేదు.

మొదటి రోజు మీరు తిన్నారు. దారాల్లా చీల్చి, గంజిలో తడిపి, ఒక్కొక్కటి మింగారు. ప్రతి ముక్కకీ మెడ బిగుసుకోవడం చూశాను. పలక మీద ‘చాలా బాగుంది’ అని రాశారు. నేనెంత పొంగిపోయానో మీరు చూశారు. బాల్కనీలో చెక్కలు వెలిగించి, మూకుడు మీ దగ్గరికి తెచ్చి, “పీల్చండి అన్నయ్యా” అని పొగ మీ వైపు విసిరాను కూడా. మీరు తడిగుడ్డ గట్టిగా అదుముకుని తలూపారు. వదిన లేచి లోపలికి వెళ్లిపోయింది. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు.

మర్నాడు పొద్దున్న నేను స్నానం చేస్తున్నాను. కమురు వాసన వచ్చి సబ్బు మొహంతోనే బయటకు పరిగెత్తాను. పాలు పొంగి, ఇగిరి, గిన్నె నల్లగా మాడుతోంది. హాలంతా పొగ. వంటగది గుమ్మం పక్కనే కుర్చీలో మీరు పొయ్యికి వీపు పెట్టి కూర్చుని, నిదానంగా పేపరు తిప్పారు.

మీ ముక్కుకి ఊపిరి అందదు. ఊపిరి అందని ముక్కుకి వాసనెలా తెలుస్తుంది? ఇంత చిన్న సంగతి నాకు తట్టలేదు. పొగ ఎటు పోవాలో మీరు నాకు నేర్పారు, మీ ఊపిరి ఎటు పోతోందో నేను ఆలోచించలేదు. వదినకి తెలుసు, ఉదయశ్రీకి తెలుసు. నాకొక్కడికే తెలియదు. వెర్రివాడిలా మీ మెడ మీద చిల్లుకి పొగ విసిరాను.

డ్రమ్ము పాత ఇనుముకి వేసేస్తున్నాను. దాన్ని చూస్తే నా మొహం నాకే చూడబుద్ధి కావడం లేదు.

వీరభద్రరావు


హైదరాబాద్,
30 అక్టోబరు 2024.

తమ్ముడూ,

డ్రమ్ము అమ్మకు.

నీకు చెప్పొద్దని పుష్పకీ ఉదయశ్రీకీ చెప్పింది నేనే. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజే రాద్దామనుకున్నాను, వీరభద్రం, నాకు వాసన పోయింది, ఆ పని మానుకో అని. కలం పట్టుకుంటే చెయ్యి పెట్టె బొమ్మ గీసింది. నీళ్లు, దిండు, నొప్పి తప్ప పలక మీద ఏమీ రాయని మనిషి ఆ పూట గోడ మందం గురించి, గొట్టం వంపు గురించి రాశాడు. ఒక్కసారి నిజం చెప్తే అవన్నీ ఆగిపోతాయని భయపడ్డాను. నీకోసం దాచానని పెద్దమనిషిలా చెప్పను, నాకోసం దాచుకున్నాను.

నువ్వు తెచ్చిన మాంసం మెత్తదనం నాలుకకు తెలిసింది. అదొక్కటే తెలిసింది. చాలా బాగుందని రాసింది దాని గురించే అనుకో.

ఇంకో మాట. గొంతు లోపల మచ్చ కట్టి సన్నబడిపోయిందట. మంచినీళ్లు కూడా సరిగా దిగడం లేదు. దీపావళి వెళ్లాక పొట్టకి గొట్టం వేస్తున్నారు. నోటితో ఇంకేమీ వద్దన్నారు. ఎప్పటిదాకా అని డాక్టరమ్మ చెప్పలేదు, నేను రాసి అడగలేదు. నువ్వు ఆపాలనుకున్నది ఆగలేదు. అందులో నీ తప్పేమీ లేదు, నాదీ లేదు.

నువ్వు కోప్పడితే బాగుంటుంది, అప్పుడప్పుడూ కోప్పడుతూ రాయి.

అన్నయ్య


రెడ్డిగూడెం,
17 నవంబరు 2024.

అన్నయ్యకు,

ఇన్నాళ్లూ రాయలేదు. రాయడానికి ఏమీ లేదు. గొట్టం వేశారని వదిన ఫోన్ చేసింది. నేను విని, సరే అన్నాను. సరే ఏంటి, ఏది సరే?

డ్రమ్ము అమ్మలేదు. ఒకరోజు ఊరికే ఖాళీగా వెలిగించాను. లోపల ఏమీ లేదు, సెగ మాత్రం సాయంత్రం దాకా నిలిచింది. ఎంత బాగా కట్టామో చూసి ఏడుపొచ్చింది. ఏమీ పెట్టనవసరం లేనప్పుడు ఇది ఇంత బాగా ఎందుకు పనిచేయాలి?

నూజివీడులోని మీ పాత ఇంటి కరెంటు మీటరు పని మీద మీ అల్లుడు శశాంక్ వచ్చాడు, ఇవాళ మధ్యాహ్నం కారులో బయల్దేరతాడట. ఆ మాట వినగానే నిన్న ఒక జబ్బ తెచ్చి డ్రమ్ములో పెట్టాను. కార్తీక మాసం, మా ఇంట్లో ఉల్లిపాయ కూడా తరగరు. రేవతికి చెప్పకుండా తోటలో మోటారు షెడ్డు దగ్గర వండాను. ఆవిడకు వాసన అందకుండా ఉంటుందా? పొద్దున్న వచ్చి నిలబడింది. తిడుతుందనుకున్నాను. ఉప్పు సరిపోయిందా అని అడిగి వెళ్లిపోయింది.

మాంసాన్ని ఒక చిన్న డబ్బాలో పెట్టి పంపుతున్నాను. రెండు గోడలది, మధ్యలో ఊకబూడిద. మీరు చెప్పిన కొలతల్నే కుదించి సలోమోను చేత చేయించాను. దారిలో చల్లారదు.

మీరు తినలేరని తెలుసు. ఉదయశ్రీ, శశాంక్, పాప తింటారు. మీకు ఎందుకు పంపుతున్నానో నాకే తెలియడం లేదు. ఇంకేం చేయాలో తెలియక ఇది చేశాను.

మీ వీరభద్రం


హైదరాబాద్,
19 నవంబరు 2024.

తమ్ముడూ,

శశాంక్ మొన్న రాత్రికి చేరాడు. డబ్బా మూత తీసిన ఉదయశ్రీ చెయ్యి కాలి వెనక్కి తీసుకుంది. రెడ్డిగూడెం నుంచి ఇక్కడి దాకా వేడి నిలిచింది. నువ్వు చేయించిన అతుకులు బాగున్నాయి.

పిల్లలు తిన్నారు. నాకోసం ఒక ముక్క ఫ్రిజ్‌లో దాయమని పలక మీద రాశాను. పుష్ప చదివి నా మొహం చూసింది. ఆహారం సంగతి చూసే ఆస్పత్రి అమ్మాయికి నిన్న పొద్దున్నే ఫోన్ చేయించాను. బాగా ఉడికించి, మెత్తగా రుబ్బి, బట్టలో వడకట్టి, పల్చగా ఉంటే గొట్టంలో పోయొచ్చంది.

నిన్న కార్తీక సోమవారం. పుష్ప ఉపవాసం. ఈ నెలలో మాంసం వండిన గిన్నె కూడా ముట్టదని నీకు తెలుసు. ఉదయశ్రీని చేయమని రాశాను. పుష్ప పలక పక్కన పెట్టి, తనే మళ్లీ ఉడికించి, మిక్సీలో వేసింది. మిక్సీ శబ్దంలో ఏడిస్తే నాకు వినపడదనుకుంది. వడకట్టి, గ్లాసు పట్టుకుని వచ్చి, “వేడి ఎక్కువైందేమో” అని మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకుంది, చంటిపిల్లకు పాలు చూసినట్టు. తర్వాత గొట్టంలో పోసింది.

నోటికి తెలియలేదు, నోటిదాకా రాలేదు కదా. ముక్కు సంగతి నీకు తెలుసు. రోజూ గొట్టంలో పోసే ఆస్పత్రి పొడి కలిపిన నీళ్లు లోపలికి వెళ్తున్నాయో లేదో కూడా నాకు తెలియదు. ఇది తెలిసింది. పక్కటెముకల కింద వెచ్చగా మొదలై, నిదానంగా పరుచుకుని, కాసేపు అక్కడే ఉంది. అంతే, ఇంకేమీ లేదు.

ఎలా ఉందో రాయమని పుష్ప పలక చేతికిచ్చింది. ‘వెచ్చగా ఉంది’ అని రాశాను. ఆవిడ స్నానం చేసి, దీపం పెట్టుకుని వచ్చింది. పలక అలాగే గోడకి ఆనించి ఉంది. నేను పలక అడక్కుండా, దిండు కావాలని చేత్తో సైగ చేశాను. రాత్రి పడుకునేదాకా ఆవిడ దాన్ని తుడవలేదు.

అన్నయ్య